సవరణ: హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్ల అడ్వాన్స్ గురించి

మొన్న మనలాంటి చిన్న సర్వీస్ కంపెనీలు లేబర్ కాంట్రాక్టర్‌ని ఎలా చెక్ చేసుకోవాలో రాస్తూ, వర్కర్ ఇష్టపడి అడ్వాన్స్ తీసుకుని సంతకం పెడితే అది వెట్టిచాకిరీ కిందికి రాదు అన్నాను. అది తప్పు, నేను చట్టం చదవకుండా రాశాను.

ఒక లేబర్ లాయర్ చెప్పాక 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తీసి చదివా. అడ్వాన్స్ తీరేదాకా ఇంకోచోట పనికి పోకూడదు, ఊరు కదలకూడదు అని కట్టేస్తే, లేదా ఆ అప్పు పేరు చెప్పి నామమాత్రం కూలి ఇస్తే అదే వెట్టి, సంతకం ఉన్నా ఆ ఒప్పందం చెల్లదు, ఆ అప్పు కూడా చట్టప్రకారం రద్దయిపోతుంది. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సింది కూడా అప్పిచ్చినవాడే, పాపం వర్కర్ కాదు.

ఇంకోటి, కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకుంటే అది కూడా బలవంతపు పనే అని ఏషియాడ్ కార్మికుల కేసులో (ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనులు చేసినవాళ్ల కేసు) 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది, బలవంతపు పనిని నిషేధించే రాజ్యాంగంలోని ఆర్టికల్ 23 కింద.

కాబట్టి సంతకం కాగితం చూసి ఆగకండి. జీతం వర్కర్ సొంత అకౌంట్లో పడుతోందా, ఆధార్, ఏటీఎం కార్డు ఎవరి దగ్గరున్నాయి, అడ్వాన్స్ ఎంత కోస్తున్నారు, ఇవి కాంట్రాక్టర్ లేనప్పుడు వర్కర్లనే అడగండి. తేడా అనిపిస్తే కలెక్టర్‌కో ఆర్డీఓకో చెప్పాలి. పాత పోస్టులో ఆ లైన్ తీసేశా.