ఉప్పాడ రోడ్డుకు టిక్కెట్టు పెట్టాలి

కాకినాడకు పర్యాటకులు రావడం లేదని పెద్దలు వాపోవడం, ఆ వెంటనే సముద్రపుటొడ్డున నగరం పేరును నిలువెత్తు అక్షరాలతో నిలబెట్టి దాని పక్కన ఫొటో దిగడం మనకు అలవాటైన విషయాలే. నిజానికి ఈ రేవు పట్టణంలో చూడదగినవాటికి కొరత లేదు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరంగి మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడుస్తూ, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లతో ఊపిరి పీల్చే చెట్లను చూడవచ్చు. అదృష్టముంటే నీటికుక్కలు కూడా కనిపిస్తాయి, బావురుపిల్లి మాత్రం ఎంతటివారి కోసమూ బయటికి రాదు. గోదావరి ఒండ్రు మేటవేసి ఏర్పడిన హోప్ ఐలాండ్‌కు పడవలో వెళ్లి రావచ్చు. కాజా సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మన బంధువుల్లో చాలామందికి కాకినాడ చూడటమంటే అది తిని, మరో రెండు కిలోలు కట్టించుకుని బండి ఎక్కడమే.

అయితే వీటన్నిటికీ ఒక లోపం ఉంది: మరుసటి ఏడు వచ్చినా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఆ లోపం లేని దర్శనీయ స్థలం ఈ ప్రాంతంలో ఒక్కటే, అది కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు. తుఫాను వచ్చినప్పుడల్లా కెరటాలు ఆ రోడ్డును కోసుకుపోతాయి. కోసిన చోట బండరాళ్లు పోస్తారు, రాళ్ల వెనుక మళ్లీ తారు వేస్తారు, తరువాతి వాయుగుండానికి రాళ్లూ తారూ కలిసి బయలుదేరుతాయి. మధ్యలో జియోట్యూబు గోడ కూడా కట్టి చూశారు. ఇసుక నింపిన ఆ భారీ గొట్టాలను సముద్రం చీల్చి, ఇసుకను తన ఖాతాలో జమ వేసుకుంది. ప్రజల సొమ్మును నీళ్లలో పోస్తున్నారని గిట్టనివారు అనవచ్చు గాని, ఇంత క్రమం తప్పకుండా కొత్త ప్రదర్శన పెట్టే సంస్థ మన జిల్లాలో మరొకటి ఉందా?

పైగా ఇందులో విజ్ఞానం కూడా ఉంది. ఎగువన ఆనకట్టలు ఒండ్రును పట్టి ఉంచడంతో నది తీరానికి తెచ్చే మట్టి తగ్గిందని, హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండి కాకినాడ రేవును కెరటాల నుంచి కాస్తుండగా ఆ చాటు దాటిన ఉప్పాడకు అలాంటి అండ ఏదీ లేదని బడిపిల్లలకు అక్కడే నిలబెట్టి చెప్పవచ్చు. బహుమతులు సైతం ఉన్నాయి: తుఫాను వెలిశాక ఊరివాళ్లు తడి ఇసుకను దువ్వి బంగారు రజను ఏరుకుంటారు. మునిగిన ఇళ్లలోదీ గుళ్లలోదీ అని చెప్పుకునే ఆ బంగారం కోసం దూరప్రాంతాల వారు కూడా తప్పక వస్తారు. ఇళ్లు పోగొట్టుకున్న మత్స్యకారులను గైడ్లుగా నియమిస్తే ఉపాధి సమస్య కూడా తీరుతుంది. తన వంటగది ఎక్కడ ఉండేదో కెరటాల మధ్యకు వేలు చాపి చూపించగల గైడు మరే మహానగరంలోనూ దొరకడు. జాందానీ చీర కొనడానికి ఉప్పాడ వచ్చేవారు దారిలో దీనిని ఇప్పటికే ఉచితంగా చూసిపోతున్నారు, అది ఖజానాకు నష్టం.

కాబట్టి టిక్కెట్టు పెట్టాలి, ఎవరికీ మినహాయింపు ఇవ్వకూడదు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శనలో, టిక్కెట్టు లేదన్న కారణంతో జవహర్‌లాల్ నెహ్రూను గుమ్మంలోనే ఆపిన బాలిక దుర్గాబాయి వాలంటీరుగా పనిచేసిన ఊరు ఇది. ఆ సంప్రదాయం ప్రకారం, తుఫాను మర్నాడు పరిశీలనకు వచ్చే మంత్రులు, వారి వెనుక వచ్చే కార్లు, ఆ కార్ల వెనుక వచ్చే అధికారులు అందరూ వరుసలో నిలబడి టిక్కెట్టు కొనాలి. హెలికాప్టరులో విహంగ వీక్షణం చేసేవారికి రేటు ఎక్కువే ఉండాలి, ఎందుకంటే పోయిన రోడ్డుతో పాటు వచ్చేసారి పోబోయే రోడ్డు కూడా వారికి పైనుంచి స్పష్టంగా కనిపిస్తుంది.