ఆ కార్డ్‌లెస్ మిషన్ల మెసేజ్ ఇంక ఎవరికీ పంపకండి

వారం నుంచి అదే మెసేజ్. కార్పెంటర్ల గ్రూపులో వచ్చింది, ఎలక్ట్రీషియన్ల గ్రూపులో వచ్చింది, మా బామ్మర్ది పంపాడు, నిన్న మా ఫాల్స్ సీలింగ్ మేస్త్రి అయితే "అన్నా చూశావా, కంపెనీలోళ్లు ఎంత మోసం చేస్తున్నారో" అని వాయిస్ పెట్టి మరీ పంపాడు. "కార్డ్‌లెస్ మిషన్ కొనేముందు ఈ 7 నిజాలు తెలుసుకోండి, షాపువాడు చెప్పడు" అని హెడ్డింగు, చివర్లో "పది మంది పనోళ్లకి షేర్ చేయండి". నేను ఇంటీరియర్ పనులు చేయిస్తా, రోజూ ఈ మిషన్ల మధ్యే, అంటే వైరు లేకుండా బ్యాటరీతో నడిచే డ్రిల్లుల్లాంటి వాటి మధ్యే ఉంటా. ఒక్కొక్కళ్లకి విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా.

మొదటి నిజం అట: కంపెనీ మిషన్ 18 వోల్టులే, బయట 88, 188 వోల్టులవి సగం రేటుకే వస్తున్నాయి, పది రెట్లు పవర్.

ఇది రాసినవాడు బ్యాటరీ లోపల ఏముంటుందో ఎప్పుడూ చూసి ఉండడు. ఒక్కో లిథియం సెల్ 3.6 వోల్టులు, ఫుల్‌గా ఛార్జ్ ఎక్కితే 4.2. ఐదు సెల్లులు వరసగా కలిపితే 18, ఫుల్ ఛార్జ్ మీద 21. అంతే. కంపెనీవాడు దానికే 18 అని రాస్తాడు, ఇంకొకడు 21 అని రాస్తాడు, మరొకడు అవే ఐదు సెల్లులకి 88 అనో 188 అనో స్టిక్కర్ వేస్తాడు. నిజంగా 188 రావాలంటే యాభై సెల్లుల దాకా పెట్టాలి, చేత్తో పట్టుకునే డ్రిల్లు అడుగున యాభై ఎక్కడ పడతాయి? నమ్మకం లేకపోతే మీ దగ్గర మల్టీమీటర్ ఉంటుంది కదా, ఫుల్ ఛార్జ్ చేసి ప్లస్‌కి మైనస్‌కి పెట్టి చూడండి, 20, 21 దాటదు. నిజంగా ఎక్కువ వోల్టేజీ ఉన్నవి లేవని కాదు, మకిటా 40 వోల్ట్ మ్యాక్స్, హైకోకి 36 వోల్ట్ ఉన్నాయి, వాటిలో పది సెల్లులు ఉంటాయి, బరువు చేతికి తెలుస్తుంది, రేటు జేబుకి తెలుస్తుంది.

ఇందులోనే ఇంకో తోక ఉంది. "అమెరికాలో డివాల్ట్ 20 వోల్టులు ఇస్తుంది, మనకి 18 అంటగడుతుంది, అక్కడున్న చుట్టాలతో తెప్పించుకోండి" అని. అక్కడి 20 వోల్ట్ మ్యాక్స్, ఇక్కడి 18 వోల్ట్ ఎక్స్ఆర్ రెండూ అవే ఐదు సెల్లులు, ఒకదాని బ్యాటరీ ఇంకోదానికి పడుతుంది కూడా. అక్కడ ఫుల్ ఛార్జ్ లెక్క రాస్తారు, ఇక్కడ మామూలు లెక్క రాస్తారు. తేడా వచ్చేది ఛార్జర్‌లో, అక్కడిది 120 వోల్టుల కరెంటుకి చేసింది, తెచ్చి మన 230 ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ఇప్పటికే తమ్ముడికో బావకో చెప్పేసి ఉంటే ఒక్క మాట, విడి బ్యాటరీలు విమానంలో చెకిన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తేవాలి, అదీ మామూలుగా 100 వాట్ అవర్ల లోపు. 18 వోల్టుల 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో ఆ లెక్క) అంటే రెండూ గుణిస్తే 90 వాట్ అవర్లు, కాబట్టి ఇబ్బంది లేదు. మిషన్ మాత్రం చెకిన్‌లోనే పెట్టాలి.

వోల్టుల మీద ఇంత గొడవ చేసినవాడు ఏహెచ్ గురించి ఒక్క ముక్క రాయలేదు, అసలు మోసం జరిగేది అక్కడ. ఐదు సెల్లుల బ్యాటరీ మీద 6 ఏహెచ్, 8 ఏహెచ్ అని వేసేస్తారు. ఎక్కువగా వాడే 18650 అనే సైజు సెల్ ఒక్కోటి మంచిదైనా మామూలుగా మూడున్నర ఏహెచ్ దగ్గరే ఆగుతుంది, మిషన్లకి గట్టిగా కరెంటు ఇచ్చే రకం అయితే ఎక్కువగా రెండు, రెండున్నర, మహా అయితే మూడు. 5 ఏహెచ్ అంటే అవి రెండు వరసలు, పది సెల్లులు ఉండాలి. సెల్ ఒక్కోటి 45 గ్రాములు దాటి ఉంటుంది, పది సెల్లులు, పైన డబ్బా కలిపితే 600 గ్రాములు పైనే. కిరాణా కొట్టు కాటా మీద పెట్టండి. 5 ఏహెచ్ అని రాసి 350 గ్రాములు తూగితే ఇంక విప్పి చూడక్కర్లేదు. లేబుల్ మీద బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 అనే నంబరు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా చూడండి, ఆ ఆర్ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో చూపిస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు.

రెండోది, కొత్త బ్యాటరీని 8 గంటలు ఛార్జ్ పెట్టాలి, ప్రతిసారీ జీరో అయ్యేదాకా వాడాలి. అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల రోజుల మాట. లిథియంకి ఆ అలవాటు చేస్తే త్వరగా పోతుంది. స్పీడు తగ్గుతుంటే తీసి ఛార్జ్ పెట్టండి, సగంలో పెట్టినా ఏం కాదు.

నాలుగోది (మూడోది తర్వాత చెప్తా), బ్రష్‌లెస్ మోటార్, అంటే లోపల రాసుకునే కార్బన్ ముక్కలు లేనిది అయితే జీవితాంతం చూసుకోనక్కర్లేదట. బ్రష్‌లెస్ మంచిదే, వేడి తక్కువ, అదే బ్యాటరీ మీద ఎక్కువ స్క్రూలు దిగుతాయి, కార్బన్లు మార్చే పని లేదు. కానీ అందులో మోటార్‌ని తిప్పేది ఒక ఎలక్ట్రానిక్ బోర్డు, పీఓపీ దుమ్ము, నీళ్లు దానికీ తగులుతాయి, అది పోతే కార్బన్లు మార్చినంత తేలిగ్గా అయిపోదు.

ఆరోది, ఆకుపచ్చ బాష్ డూప్లికేట్, నీలమే ఒరిజినల్. రెండూ ఒరిజినలే. ఆకుపచ్చ ఇంట్లో వాడుకునేవాళ్లకి, నీలం పనివాళ్లకి. ఒకదాని 18 వోల్టుల బ్యాటరీ ఇంకోదానికి పడదు, కొనేటప్పుడు అది చూసుకోండి, అయిపోయింది.

ఐదోది, అడాప్టర్ కొనుక్కుంటే ఏ కంపెనీ బ్యాటరీ అయినా ఏ కంపెనీ మిషన్‌కైనా వేసుకోవచ్చు, బ్యాటరీల ఖర్చు మిగులుతుంది. తిరగడం తిరుగుతుంది. కానీ బ్యాటరీ అడుగంటినప్పుడు ఆపే ఏర్పాటు కొన్ని కంపెనీలు బ్యాటరీలో పెడతాయి, కొన్ని మిషన్‌లో పెడతాయి. ప్లస్ మైనస్ కాకుండా పక్కన ఉండే సన్నటి పిన్నులు ఆ కబురు చేరవేయడానికే. అడాప్టర్ చాలావాటిలో ఆ పిన్నులు దేనికీ కలవవు. అటూ ఇటూ ఆపేవాడు లేక సెల్లులు పూర్తిగా ఎండిపోయేదాకా తిరుగుతూనే ఉంటుంది. 500 మిగిల్చబోయి వేలు పోసి కొన్న బ్యాటరీ పోగొట్టుకోవడం.

ఇప్పుడు మూడోది. ఇది రాయడానికే కూర్చున్నా.

"పని మధ్యలో బ్యాటరీ ఆగిపోతుంటే అది కంపెనీ పెట్టిన లాక్, కొత్తది కొనిపించడానికి. లోపల చిన్న బోర్డు ఉంటుంది, దాన్ని తీయించి వైర్లు డైరెక్ట్ చేయించండి, 300 రూపాయల పని, బ్యాటరీ మళ్లీ కొత్తదానిలా నడుస్తుంది." ఇది మక్కీకి మక్కీ ఆ మెసేజ్‌లో ఉన్న మాట. దీన్ని చదువుకున్న సైట్ సూపర్‌వైజర్లు కూడా ఫార్వర్డ్ చేశారు, చప్పట్ల బొమ్మ పెట్టి మరీ.

ఆ బోర్డు ఏం చేస్తుందో తెలుసా మీకు? ఐదుగురు కలిసి ఒక దూలం మోస్తుంటే ఒకడికి కళ్లు తిరిగాయనుకోండి, చూసేవాడు ఉంటే ఆగమని అరుస్తాడు. ఆ చూసేవాడు ఆ బోర్డు. ఐదు సెల్లుల్లో ఒకటి బలహీనపడుతుంది, మొత్తం కొలిస్తే ఇంకా 15, 16 వోల్టులు చూపిస్తుంది, కానీ ఆ ఒక్కటి రెండున్నర వోల్టుల కిందకి వెళ్లిపోయి ఉంటుంది. బోర్డు అది చూసి ఆపేస్తుంది. బోర్డు తీసేస్తే మిగతా నాలుగూ కలిసి ఆ చచ్చినదాన్ని ఇంకా లాగుతాయి, లోపల రాగి కరిగి సెల్ లోపలే షార్ట్ అయ్యేదాకా వస్తుంది.

ఇంతకంటే ఘోరం ఛార్జింగ్‌లో. సెల్లుల్ని ఒక్కొక్కటిగా చూసేవాడు లేకుండా మొత్తం 21 వోల్టులు వచ్చేదాకా ఎక్కిస్తే, బలహీనమైనది 3 దగ్గరే ఆగిపోతే ఏమవుతుంది? మిగిలిన 18 వోల్టులూ నాలుగు సెల్లుల మీద పడతాయి, ఒక్కోదానికి నాలుగున్నర. దాని హద్దు 4.2. హద్దు దాటిన లిథియం సెల్ వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి రసాయనాలు ఇంకా వేడిని పుట్టిస్తాయి, అక్కడి నుంచి ఛార్జర్ పీకేసినా ఆగదు, పక్క సెల్‌ని అంటిస్తుంది. పైన పౌడర్ సిలిండర్ కొడితే ఆరినట్టు కనిపించి మళ్లీ అంటుకుంటుంది.

మరి ఈ ఛార్జింగ్ ఎక్కడ జరుగుతుంది? పనోళ్లు పడుకునే ఫ్లాట్‌లోనే. రాత్రి పదకొండింటికి నాలుగు బ్యాటరీలు స్విచ్ బోర్డుకి తగిలించి, పక్కనే ప్లై ముక్కల మీద దుప్పటి పరుచుకుని పడుకుంటారు. ఆ మూలే లామినేట్ అతికించే గమ్ము డబ్బా, థిన్నర్ క్యాన్, రంపపు పొట్టు మూట. బాల్కనీ తలుపు దోమలకని మూసేసి ఉంటుంది, మెయిన్ డోర్‌కి మెటీరియల్ పోకుండా తాళం వేసి ఉంటుంది. అక్కడ పడుకునేవాళ్లలో చాలామంది బీహార్ నుంచో రాజస్థాన్ నుంచో వచ్చిన కుర్రాళ్లు, మీ తెలుగు మెసేజ్ వాళ్లు చదవలేదు కూడా, మేస్త్రి చదివి బోర్డు పీకించాడు. 300 రూపాయలతో బాగుపడింది అంటారా దీన్ని? ఈ మాట రాసినవాడు, చదవకుండా పంపినవాడు ఆ గదిలో ఒక్క రాత్రి పడుకుంటారా?

నిజానికి ఎండాకాలంలో బ్యాటరీ ఆగేది చాలాసార్లు వేడికే. డ్యూటీ అంతా బండి డిక్కీలో పెట్టి తిప్పుతారు, మే నెలలో ఆ డిక్కీ ఎంత కాలుతుందో అందరికీ తెలుసు. మకిటా బుక్కులోనే ఉంది, 50 డిగ్రీలకి చేరే చోట పెట్టొద్దని, ఛార్జింగ్ 10 నుంచి 40 డిగ్రీల మధ్య పెట్టమని, వేడిగా ఉంటే చల్లారాక పెట్టమని. నీడలో అరగంట ఉంచి చూడండి, మళ్లీ నడిస్తే అది వేడే, బ్యాటరీ తప్పు కాదు. చల్లగా ఉన్నా ఆగుతుంటే సెల్ పోయినట్టు. సెల్లులు మార్చి ఇస్తామనేవాళ్లు ఉన్నారు, కానీ పాత లాప్‌టాప్ సెల్లులకి కొత్త రంగు కవరు తొడిగి వేసేవాళ్లూ ఉన్నారు, ఏది పడిందో బయటికి కనపడదు. నేనైతే పారేసి ఒరిజినల్ కొనమంటా. ఒరిజినల్ బ్యాటరీ రేటు దారుణంగా ఉంటుందని నాకూ తెలుసు, కొనేది నేనే కదా. అయినా అదే చెప్తా. ఎవరైనా ఇప్పటికే డైరెక్ట్ చేయించి ఉంటే దయచేసి దాన్ని ఇంక ఛార్జ్ పెట్టకండి.

ఏడోది, కరెంటు మిషన్లకి కాలం చెల్లింది, అన్నీ అమ్మేసి కార్డ్‌లెస్ కొనేయండి. ఎలక్ట్రీషియన్ తమ్ముళ్లు ఇది అస్సలు వినొద్దు. గోడకి గాడులు కొట్టే కట్టర్ 1400 వాట్ల దాకా లాగుతుంది. 5 ఏహెచ్ బ్యాటరీలో ఉన్నది 90 వాట్ అవర్లు. లెక్క వేయండి, ఫుల్ లోడు మీద నాలుగు నిమిషాలు రాదు. గాడులకి, టైల్స్ కటింగ్‌కి, రోజంతా చిప్పింగ్‌కి వైరు మిషనే. స్క్రూలు, కబోర్డు ఫిట్టింగులు, నిచ్చెనెక్కి చేసే సీలింగ్ పని, కరెంటు ఇంకా రాని సైటు, వీటికి కార్డ్‌లెస్ బంగారం. స్లాబుకి యాంకర్లు వేసేవాళ్లు మామూలు హ్యామర్ డ్రిల్లుతో తంటాలు పడకుండా ఎస్‌డీఎస్ బిట్టు పట్టే రోటరీ హ్యామర్ తీసుకోండి, కార్డ్‌లెస్‌లోనూ ఉంది, భుజం నొప్పి సగం తగ్గుతుంది. టార్క్, అంటే తిప్పే బలం, చూసేటప్పుడు పెద్ద నంబరు ఒక్కటే చూడకండి. బాష్ 18వి-50 డ్రిల్లు పేరులో ఉన్న 50 హార్డ్ టార్క్ (ఇనుము లాంటి గట్టిదాని మీద), సాఫ్ట్ (మెత్తటిదాని మీద) 28. చెక్కలో స్క్రూ దించేటప్పుడు లెక్కకొచ్చేది ఆ సాఫ్టే.

ఆ మెసేజ్ చివర్లో, నంబరు లేకుండా, ఒక లైను ఉంది. "మీ ఊళ్లో ఏ మిషన్ బాగుచేసేవాడు ఉన్నాడో చూసుకుని అదే కొనండి." ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం, నేను పైన రాసిన వోల్టులు, టార్కుల కంటే కూడా ముందు చూసుకోవాల్సింది ఇదే. హైదరాబాదులో రాణిగంజ్ పోతే ఏ పార్టు అయినా దొరుకుతుంది, చిన్న టౌన్లో ఉండేవాడు ఖరీదైన బ్రాండు కొని స్విచ్ పోతే మిషన్ని బస్సులో వేసి పంపి వారాలు ఎదురు చూస్తాడు, ఆ వారాల కూలి ఎవరిస్తారు? అలాంటి చోట, రోజుకి నాలుగు కెమెరాలు బిగించే సీసీటీవీ కుర్రాడు పేరులేని 12 వోల్టుల డ్రిల్లు కొనుక్కున్నా నేను తప్పు పట్టను, వాడి పనికి అది సరిపోతుంది, కాకపోతే బీఐఎస్ గుర్తు ఉన్నది చూసి తీసుకోమంటా. మిగతావాళ్లు కొనేముందు ఆ రిపేరు షాపుకే వెళ్లి, ఫలానా మోడల్‌కి స్విచ్, చక్, ఛార్జర్ నీ దగ్గర ఉన్నాయా అని అడగండి. డబ్బా తీసి చూపిస్తే కొనండి, తెప్పిస్తానంటే ఇంకో మోడల్ చూడండి.