7.2.1 గారికి, చీటీల విషయమై

గౌరవనీయులైన 7.2.1 గారికి,

నమస్కారాలు. కాలేజీలను తనిఖీ చేసి గ్రేడ్లు ఇచ్చే జాతీయ సంస్థ న్యాక్ వారి ఫారంలో, 'మీ ఉత్తమ ఆచరణలు రాయండి' అనే అంశానికి ఇచ్చిన నంబరే కదా మీ పేరు. మీరు క్షేమమేనని తెలుసు. మీ పీడీఎఫ్‌ను మొన్న రాత్రి పదకొండు గంటలకు మళ్లీ వెబ్‌సైట్‌లో ఎక్కించింది నేనే.

శనివారం మధ్యాహ్నం మీ పేరు మీద మా కాలేజీలో సదస్సు జరిగింది. 'బోధనలో ఉత్తమ ఆచరణలు: పంచుకుందాం, పెంచుకుందాం' అని ఫ్లెక్సీ కట్టారు. రెండింటికన్నారు, మూడింటికి మొదలైంది. జ్యోతి వెలిగించడానికి అగ్గిపెట్టె లేక క్యాంటీన్ నుంచి తెప్పించారు. ఫొటోలో హాలు నిండుగా కనబడాలి కదా, అందుకని నా ఫస్టియర్ ఫిజిక్స్ క్లాసు, పక్క గదిలో మ్యాథ్స్ క్లాసు రద్దు చేసి పిల్లల్ని వెనక కుర్చీల్లో కూర్చోబెట్టారు. పాఠం ఎలా చెప్పాలో తెలుసుకోవడానికి ఆ పూట పాఠాలు మానేశాం. వచ్చిన పెద్దాయన 92 స్లైడ్లు తెచ్చారు. పదకొండోది, 'స్లైడ్లు చూసి చదవకండి'. అదీ చూసే చదివారు. ఆయన మైకు పట్టుకోకముందే ఫీడ్‌బ్యాక్ ఫారాలు అందితే 'చాలా ఉపయోగకరం' దగ్గర టిక్కులు పెట్టేశాం. సమోసాలు మాత్రం వేడిగా ఉన్నాయి, ఉన్నమాట చెప్పాలి.

ఇదంతా అలవాటే, దీనికి మిమ్మల్ని కష్టపెట్టను. నా గోడు చీటీల గురించి.

పక్క గదిలో మా మ్యాథ్స్ సార్ ఉన్నారు. వచ్చే జూన్‌లో రిటైర్ అవుతారు. పద్నాలుగేళ్లుగా ఆయన ప్రతి క్లాసులో చివరి మూడు నిమిషాలు పాఠం ఆపేస్తారు. పాత జవాబు పత్రాల్లో మిగిలిన తెల్ల కాగితాలను బస్ టికెట్టంత ముక్కలు చేసి పంచుతారు. 'ఇవాళ అర్థం కానిది ఒక్కటి రాయండి, పేరు వద్దు' అంటారు. రాత్రి ఇంట్లో కూర్చుని అన్నీ చదువుకుంటారు. మర్నాడు ఎక్కువ మంది ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచే మొదలుపెడతారు. అంతే. నయాపైసా ఖర్చు లేదు. ఎవరో రాసిన ఒక చీటీ ఆయన ఇప్పటికీ పర్సులో పెట్టుకుని తిరుగుతారు: 'సార్, సున్నాతో భాగించకూడదన్నారు. అవకలనంలో హెచ్‌ని సున్నా కాదని భాగించి, తర్వాత సున్నా అన్నారు. ఏది నిజం?' కలన గణితం మొదలైన రోజుల్లో పెద్దపెద్దవాళ్లు న్యూటన్ మీద వేసిన ప్రశ్న ఇది. మా ఊరి పిల్ల ఒకతి బస్ టికెట్టంత కాగితం మీద వేసింది.

ఇలాంటిది వెతికి నలుగురికీ చెప్పమనే కదండీ మిమ్మల్ని పుట్టించింది? కాలేజీకి రెండు ఆచరణలు చాలన్నారు. శీర్షిక, లక్ష్యాలు, నేపథ్యం, ఆచరణ, విజయానికి రుజువులు, ఎదురైన సమస్యలు, అన్నింటికీ గడులు కూడా గీసి ఇచ్చారు. పోయినసారి మీకోసం మేం రాసిన రెండూ ఏమిటో గుర్తున్నాయా? ఒకటి హరిత ప్రాంగణం. ఒకే వేపమొక్కను మూడేళ్లు మూడు వైపుల నుంచి ఫొటో తీశాం. రెండోది మెంటార్–మెంటీ, అంటే ఒక్కో మాస్టారికి కొందరు పిల్లల బాగోగులు అప్పగించడం. అది పక్క జిల్లా కాలేజీ వెబ్‌సైట్ నుంచి దింపుకున్నాం, వాళ్లు ఎవరి దగ్గర దింపుకున్నారో తెలియదు. మూడో పేజీలో 'సముద్రతీర గ్రామాల నుంచి వచ్చే మా విద్యార్థులు' అని ఉండిపోయింది. మాకు సముద్రం చూడాలంటే రాత్రి రైలెక్కాలి. తనిఖీకి వచ్చిన న్యాక్ పీర్ టీమ్ కూడా అడగలేదు, పాపం. కాలేజీకీ కాలేజీకీ మధ్య నిజంగా పంచుకున్నది ఏదైనా ఉంటే ఆ పేరానే.

ఈసారైనా చీటీల గురించి రాద్దామని నేనే ముందుకొచ్చాను. బుద్ధి తక్కువై.

కాలేజీలో మీ పనులు చూసే మా కోఆర్డినేటర్ గారు మంచి మనిషే. మొదట జియోట్యాగ్ ఫొటో, అంటే ఎక్కడ తీశామో దాని మీదే పడే ఫొటో, అడిగారు. పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్న ఫొటో ఇచ్చాను. 'ఇది పరీక్షలా ఉంది మేడం, యాక్టివిటీ కనబడట్లేదు' అన్నారు. బ్యానర్ కట్టించి మళ్లీ తీయమన్నారు. మ్యాథ్స్ సార్ ఒప్పుకోలేదు. పోనీ రుజువుగా చీటీలే స్కాన్ చేద్దామని ఒక కట్ట పట్టుకెళ్లి ఇచ్చాను. కోఆర్డినేటర్ గారు నాలుగు తిరగేసి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అన్నారు: 'మేడం, అన్నింట్లోనూ అర్థం కాలేదనే ఉంది. విజయానికి రుజువులన్న చోట ఇవి పెడితే ఎలా?'

అండీ, అర్థం కాలేదని రాయడమే ఆ పద్ధతి. పిల్లవాడు నోరు తెరిచి 'నాకు రాలేదు' అన్నాడంటే అదే విజయం. ఇరవై నిమిషాలు చెప్పాను. ఆయన తల ఊపుతూనే ఉన్నారు. తర్వాతి గురువారం ఏం చేశారో తెలుసా? మా పిల్లల్నే లైబ్రరీలో కూర్చోబెట్టి కొత్త చీటీలు రాయించారు. అరవై చీటీలు. అన్నీ నీలిరంగు సిరా, అన్నింటిలో 'నేటి పాఠం చక్కగా అర్థమైనది'. అర్థమైనది! మా పిల్లలు ఎవరైనా 'అర్థమైనది' అంటారా? ఆ రోజు పాఠమే లేదు! పద్నాలుగేళ్లుగా మా సార్ పేరు వద్దని, భయం వద్దని, తప్పైనా ఫర్వాలేదని బతిమాలి బతిమాలి ఆ పిల్లల చేత నిజం రాయించారు. ఒక్క గంటలో అదే కాగితం మీద వాళ్ల చేత అబద్ధం రాయించారు. అదీ మీకోసం. వెయ్యి మార్కుల్లో మీ వాటా ముప్పై. మాలాంటి అనుబంధ కాలేజీలకు బోధన, అభ్యసన, మూల్యాంకనం అన్నీ కలిపి 350 పెట్టారు. మీరు మాత్రం పక్క వీధిలో ముప్పై మార్కుల వేరు కాపురం పెట్టి అసలు ఇంటినే దోచుకుంటున్నారు.

కోపం వచ్చింది, క్షమించండి. వచ్చిందని ఒప్పుకుంటున్నాను గానీ తగ్గలేదు.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అని ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ ఉన్నారు. పిల్లలు మంచి రేటింగులు ఇస్తుంటే తాను గొప్ప మాస్టారినే అనుకున్నారట. 1990 ప్రాంతంలో బలం, చలనం మీద మామూలు మాటల్లో ఉన్న ఒక ప్రశ్నపత్రం ఇచ్చి చూస్తే, సూత్రాలు పెట్టి లెక్కలు చేసేవాళ్లే అక్కడ తడబడ్డారు. ఆ తర్వాతే క్లాసులో ప్రశ్న వేయడం, ఎవరికి వారే జవాబు ఎంచుకోవడం, పక్కవాడితో వాదించడం, మళ్లీ ఎంచుకోవడం మొదలుపెట్టారు. ఎన్నో దేశాల మాస్టార్లు దాన్ని అందుకున్నారు. ఆ కథ ఆయన ఎక్కడ చెప్పినా తాను బోల్తా పడిన సంగతితోనే మొదలుపెడతారు. మరి మీ ఫారంలో 'ఎదురైన సమస్యలు' అనే గడిలో మేం ఏం రాస్తామో మీకు తెలియనిది కాదు. 'కొద్దిపాటి నిధుల కొరత.'

మీ గడి తప్పు కాదులెండి. అడిగింది మీరు, దాచింది మేం.

నిన్న సోమవారం నా క్లాసులో నేనూ చీటీలు పంచాను. యాభై ఒకటి వచ్చాయి. ఒకదానిలో 'మేడం, శనివారం సార్ ఏం చెప్పారు?' అని ఉంది. దానికి నా దగ్గరా జవాబు లేదు. పందొమ్మిది మంది మాత్రం ఒక్క చోటే ఆగిపోయారు: నెట్టినా కదలని బీరువా మీద ఘర్షణ ఎంత? 'ఎప్పుడూ మ్యూ ఎన్నే (ఘర్షణ గుణకం ఇంటూ నేల పైకి నెట్టే బలం) కదా మేడం?' కాదర్రా. నేను పన్నెండేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను, పన్నెండేళ్లుగా వీళ్లు ఇక్కడే ఆగుతున్నారని నాకు నిన్న తెలిసింది.

రేపు మొదటి గంటలో చేసి చూపిస్తాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్న బీరువా ఒక్కటే, నిండా మీ ఫైళ్లే. అయిదేళ్లవి. ముందు ఒక పిల్ల నెడుతుంది, కదలదు. ఇద్దరు నెడతారు, కదలదు. నెట్టినకొద్దీ ఘర్షణ కూడా అంతకంతే పెరిగి ఎదురు నిలుస్తుందని, దానికీ ఒక హద్దు ఉందని, ఎంతమంది కలిస్తే కదులుతుందో లెక్కపెట్టమని చెబుతాను. మ్యాథ్స్ సార్ కూడా చూడ్డానికి వస్తానన్నారు.

ఫొటో తీయం.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకురాలు
(పేరు వద్దు)