ఉభయకుశలోపరి: గీస్‌బాఖ్ కొండబండి గారికి

స్విట్జర్లాండ్‌లో బ్రియెంజ్ సరస్సు ఒడ్డున వేంచేసి ఉన్న గీస్‌బాఖ్ ఫ్యూనిక్యులర్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఈ మాట అలవాటు కొద్దీ రాయలేదండి. ఒకే తాడుకు కట్టిన రెండు పెట్టెలు మీవి. ఒకటి దిగితేనే రెండోది ఎక్కుతుంది. ఒకదానికి జబ్బు చేస్తే రెండోదీ మంచమెక్కాల్సిందే.

ఇంతకీ ఇంత హంగామా దేనికండీ? మీ దారి మొత్తం 345 మీటర్లు, ఎక్కే ఎత్తు 90 మీటర్ల పైచిలుకు. స్టీమర్ దిగిన దొరలు కొండ మీది గీస్‌బాఖ్ హోటల్ దాకా చెమటోడ్చకూడదని 1879లో ఆ హోటల్ యజమాని హౌజర్ కుటుంబం మిమ్మల్ని కట్టించింది. ఒకే లైను మీద ఎదురెదురుగా వచ్చే పెట్టెలు నడిమధ్యలో తప్పుకునే ఏర్పాటు ఇంజనీరు రోమన్ ఆబ్ట్ బుర్రలో పుట్టింది. బ్రేకు కోసం పట్టాల నడుమ పళ్ల పట్టీ. ఇదంతా ట్రంకుపెట్టెలు మోయడానికి!

మీ పాత నడకే నాకిష్టం. పక్కనున్న జలపాతం నీళ్లు పై పెట్టె అడుగున తొట్టిలోకి వదిలేవారు. పీకలదాకా తాగిన పెట్టె బరువుగా కిందికి జారుతూ, ఖాళీ కడుపుతో ఉన్నదాన్ని పైకి లాగేది. కిందికి రాగానే నీళ్లు కక్కేసి తేలికయ్యేది. బొగ్గు లేదు, పొగ లేదు, కరెంటు బిల్లు లేదు. అంత బాగుంటే మనుషులు ఊరుకుంటారా? 1912లో టర్బైన్ పెట్టారు, 1948లో మోటారు తగిలించారు. ఇప్పుడు మేం 'గ్రీన్ ఎనర్జీ' అంటూ సదస్సులు పెట్టుకుంటున్నాం.

1979లో మీకు నూరేళ్లు నిండాయి. మా తెలుగులో ఆ మాటకున్న రెండో అర్థం హోటల్‌కి తగిలింది. అదే ఏడు మూతపడింది. పడగొట్టి కొత్తది లేపుదామన్నారు కూడా. 1983లో ఫ్రాంజ్ వెబర్ అనే పర్యావరణ ఉద్యమకారుడు ఒక ఫౌండేషన్ పెట్టి, జనం దగ్గర చందాలు పోగేసి దాన్ని నిలబెట్టాడు. దొరల కోసం కట్టిన మేడకు మామూలు జనం చందాలు! ఆ చందాదారుల్లో ఎందరు అక్కడ ఒక్క రాత్రయినా పడుకున్నారో మీకే తెలియాలి, మోసింది మీరే కదా.

కింది నుంచి పైకి నడకదారి కూడా ఉంది. రానూ పోనూ టికెట్టే ఇప్పించగలరు.

ఇట్లు,
నడకదారి సంగతి తెలిసీ మీ క్యూలో నిలబడ్డ భవదీయుడు