ఐదు చీరలు 1,499 అంట. కొన్నదెవరో కాదు, మా అమ్మే

పొద్దుగాల డ్యూటీకి బయల్దేరుతుంటే గేటు కాడ డెలివరీ పిల్లగాడు నిలబడ్డడు. 1,499 కట్టాలె అన్నడు. విప్పి చూసి ఇస్త అంటే, లేదన్నా, పైసలిచ్చినంకనే విప్పాలె అన్నడు. ఆ పిల్లగాన్ని ఏమనను, నల్లగొండ ఎండల బండి మీద తిరుగుతున్నడు. ఇచ్చిన. విప్పితే ఐదు చీరలు. టీవీ షాపింగ్ ఛానల్‌ల చూపించే 'పోచంపల్లి డిజైన్ కాంబో'. ఒకటి తిరగేసి చూసిన. ఎనకంతా తెల్లగ పాలిపోయి ఉన్నది. అచ్చు గుద్దిన బట్ట!

మన దిక్కోళ్లకు చెప్పేదేముంది గానీ తెల్వనోళ్ల కోసం చెప్తున్న. పోచంపల్లి నేతను ఇక్కత్ అంటరు. దాంట్ల ముందు నూలుకే చిటికి కట్టి, అంటే అక్కడక్కడ బిగించి కట్టి, రంగులద్ది, తర్వాత నేస్తరు. అందుకే ముందూ ఎనకా ఒక్క తీరే ఉంటది. పువ్వు అంచు కూడ కొంచెం చెదిరినట్టు ఉంటది. వీళ్లు పంపిన దాంట్ల పువ్వులు స్కేలు పెట్టి గీసినట్టున్నయి.

సరే, మోసపోయేటోళ్లు మస్తుమంది ఉంటరు, కోపం దేనికంటరా? ఆర్డరిచ్చింది మా అమ్మ. గట్టుప్పల్‌ల ఇరువై ఏండ్లు ఆసు పోసిన మా అమ్మ! ఆసంటే ఏందో తెలుసా, అర్ధచంద్రం తీరు మేకులు కొట్టిన చట్రం చుట్టూ దారం తిప్పుడు. ఒక్క చీరకు దగ్గర దగ్గర 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ పోవాలె. ఆలేరు దిక్కు షారాజిపేట చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకనే 1999ల ఆసు యంత్రం చేసిండు, ఆమె పేరే పెట్టిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మా ఇంటికి వచ్చేసరికి మా అమ్మ భుజం ఎప్పుడో పోయింది. ఇప్పటికీ ఆ చెయ్యి తల పైకి లేవదు. ఆ చేతితోనే రిమోట్ పట్టుకొని ఆర్డరిచ్చింది.

గట్టిగనే అడిగిన. 'అచ్చుదని నీకు తెల్వదానే?' అన్న. ఏమన్నదో తెలుసా? 'తెల్వకేంది బిడ్డా, తెర మీద చూడంగనే తెలిసింది. ఆ పిల్ల మంచిగ మాట్లాడుతది.'

ఇగ నేనేం చెప్పాలె!

ప్రకాశం బజార్ల పది చీరలు విప్పిచ్చి లేచొస్తే దుకాణపాయన మొఖం ఎట్ల పెడ్తడో మీకు ఎరికే. టీవీల పిల్ల అట్ల పెట్టదట. ఒక్కటీ కొనకున్నా మూడు గంటలు విప్పి చూపిస్తది, 'అమ్మా' అని పిలుస్తది. మా ఇంట్ల మూడు గంటలు అమ్మా అని పిలిచేటోడు లేడని నాకు ఒక పోటు. మా నాయనకు మళ్ల వేరే గోస. రేటు ముందు చెప్పి చావాలె కదా, గంట సేపు ఆ మిక్సీల పసుపుకొమ్ములే తిప్పుతున్నరు అని తిడ్తడు. తిట్టుకుంటనే చూస్తడు. తమ్ముడైతే నవ్వుకోవటానికే పెడ్తడు: మనిషి నోరు హిందీల కదులుతుంటే గొంతేమో 'అద్భుతం, నమ్మలేకపోతున్నాను' అని తెలుగుల వస్తది. ఒక్క ఛానల్, ఒక్క ఇంట్లనే ముగ్గురికి మూడు తీర్లు. నాకొక్కనికే అది అంగడి లెక్క కనపడుతది. అంగడన్నంక బట్ట ఏందో చెప్పాలె. నూలా, పట్టా, పాలిస్టరా? చేతిదా, మిషనుదా? ఇంత చిన్న మాట చెప్పటానికి నోరు రాదు గానీ 'ఇంకా పన్నెండు పీసులే' అని మాత్రం వస్తది. నిన్న పన్నెండే, ఇయ్యాల పన్నెండే.

'పోచంపల్లి చీర' అని అనరు, చూడుర్రి. 2005ల జీఐ, అంటే ఆ పేరు ఆ దిక్కు నేతకే చెందుతదన్న గుర్తింపు, వచ్చినంక ఆ పేరు ఊరికే వాడుకుంటే ఇబ్బంది. అందుకే 'పోచంపల్లి డిజైన్' అంటరు. ఆ 'డిజైన్' అన్న మాటలనే ఉన్నది వీళ్ల తెలివంతా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యి అంటరు మీరు. ఏమని చెయ్యాలె? డిజైన్ అన్నరు, డిజైన్ పంపిండ్రు. పైగా కొన్న మనిషే నాకు నచ్చినయి అంటుంది.

అసలీ యాపారం పుట్టుకే ఒక బాకీ కథ. 1977ల అమెరికా ఫ్లోరిడాల ఒక రేడియో స్టేషనుకు యాడ్ పైసలు కట్టలేక ఒకాయన 112 డబ్బా ఓపెనర్లు ఇచ్చిండట. వాటిని రేడియోలనే చెప్పి అమ్మిండ్రు, అన్నీ పోయినయి. అదే తర్వాత 1982ల టీవీకెక్కింది, ఆ ఎనక హోమ్ షాపింగ్ నెట్‌వర్క్ అయింది. వాళ్లు కనీసం ఓపెనర్‌ను ఓపెనర్ అనే చెప్పి అమ్మిండ్రు.

బాకీ అంటే యాదికొచ్చింది. మా మేనత్త. 2019ల వాళ్ల బిడ్డ పెండ్లికి మా ఇంట్ల నేసిన పట్టుచీర కావాలన్నది. మేం 9 వేలు చెప్పినం, సొంతమనిషని అదీ తక్కువే. నలుగురు చుట్టాల ముందు ఏమన్నదంటే, 'ఏందే వదినా, టీవీల ఇవే ఐదొస్తున్నయి, మీరు ఒక్కదానికే ఇంత గుంజుతరా?' ఐదొస్తయట! మా అమ్మ ఏమనలే. ఏడుకు ఇచ్చింది. ఇచ్చి లోపలికి పోయి గిన్నెలు కడిగింది. ఆ దినం నుంచే నాకు ఈ ఛానళ్లంటే మంట, ఇయ్యాల్టి పార్సిల్‌తోటి మొదలైంది కాదు. మగ్గం మీద నెలల తరబడి కూసున్న మనిషికి, ఒక్క పట్టుచీర కూడ తన కోసం దాసుకోని మనిషికి, ఆ మాట ఎట్ల తగిలి ఉంటదో మా అత్తకు తెల్వదా? మంచిగ తెలుసు. ఆమె కూడ మా తాత మగ్గం కిందనే పెరిగింది.

ఇయ్యాల ఆ అచ్చుచీర కట్టుకొని మా అమ్మ 'ఎట్లున్నదిరా' అని అడుగుతుంది. మంచిగనే ఉన్నదన్న, ఏమంటం మరి. టీవీలనేమో భుజాల నొప్పులకు నూనె వస్తుంది, నంబర్ రాసుకోరా అంటుంది. పెన్ను దొరుకుతలేదన్న.

అత్తా, నువ్వీ పోస్టు చదువుతవని నాకెరికే, నా పోస్టులన్నీ చదువుతవు, ఒక్క లైకు కొట్టవు. ఆ ఏడు వేలల్ల రెండు వేలు ఇంకా రాలే. ఫోన్ పే ఉన్నది. లేదంటే ఓపెనర్లైనా పంపు, టీవీల చెప్పి అమ్ముకుంట.