చెదలకు మెట్లెక్కడం రాదట!

మా అపార్ట్‌మెంట్ సంఘం వారు మొన్న ఒక తీర్మానం చేశారు. "చెదపురుగుల సమస్య గ్రౌండ్ ఫ్లోర్ నివాసుల సొంత విషయం కావున, నివారణకు అగు ఖర్చును సదరు నివాసులే భరించవలెను." కింద సెక్రటరీ సంతకం, దాని మీద రబ్బరు స్టాంపు. నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చి మరీ నోటీసు బోర్డుకు పెట్టారు. ఆ బోర్డు ప్లైవుడ్‌దనీ, అది ఉన్నది కూడా గ్రౌండ్ ఫ్లోర్‌లోనే అనీ ఎవరూ ఆయనకు గుర్తు చేయలేదు. పెద్దాయన, నొచ్చుకుంటారు.

సంఘాల ధర్మశాస్త్రం తెలిసిన వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు జన్మలో ఎక్కని లిఫ్టుకు మెయింటెనెన్స్ అందరిదీ. పై అంతస్తులో స్లాబు కారితే టెర్రస్ అందరిదీ. మోటారు, వాచ్‌మన్, వినాయక చవితి లడ్డూ అన్నీ అందరివీ. చెదలు మాత్రం కింద వాళ్లవి. వాళ్లు ముచ్చటపడి పెంచుకుంటున్నారు.

ఇంతకీ జరిగిన ఘోరమేమిటంటే, వాన పడింది. మే నెలంతా 43 డిగ్రీల్లో ఉడికి, మబ్బు కోసం పాలకొండల వైపు చూసి చూసి మెడలు పట్టేసిన కడప జనానికి ఉరుములతో గంటసేపు కురిస్తే ఎట్లుంటుందో చెప్పాలా? అందరూ బాల్కనీల్లోకి వచ్చి మట్టివాసన పీల్చారు, బజ్జీలు తెప్పించుకున్నారు. మనకంటే ఆత్రంగా ఆ వాన కోసం కాచుకున్నవాళ్లు మన కాళ్ల కిందే ఉన్నారని ఎవరికి తెలుసు! పుట్టలో రెక్కలొచ్చి తయారుగా కూర్చున్న చెదలకు, అదే ఉసిళ్లకు, మొదటి మంచి వానే లగ్నం. గాల్లో తడి ఉండాలి, నేల మెత్తబడాలి, సాయంత్రం ఈదురుగాలి తగ్గాలి. ఈ మూడూ కుదిరితే చాలు, అయ్యవారు కూడా అక్కర్లేదు.

గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు 101లో పోయిన కరెంటు వచ్చి ట్యూబ్‌లైటు వెలగగానే మొదలైంది. వాకిలి ద్వారబంధం బండకు ఆనే చోట అగ్గిపుల్ల దూరనంత సందు ఉంది. అందులోంచి ముందు ఒక తల వచ్చింది. ఆనక ఒంటికి అతుక్కుపోయిన పొడుగాటి రెక్కలు. అది పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక వరసగా పదులు, వందలు. తోపులాట లేదు, "నేను ముందొచ్చా" అనే గొడవ లేదు. కాసేపటికి ట్యూబ్‌లైటు కనిపించలేదు. సంగటి ముద్ద మీద, టీవీ మీద, అవ్వ కొప్పులో, ఎక్కడ చూసినా అవే. పావుగంట ఎగిరాక రెక్కలు రాల్చేసి ఆడది ముందు, మగది వెనక, జంటలు జంటలుగా బండల మీద నడక. ఇక రెక్కలు ఊడవాలంటే ముందు ఫ్యాన్ ఆపాలి. ఆపినా, చీపురు ఇటు తగలగానే అటు లేచి, ఊడ్చిన చోటే మళ్లీ వాలతాయి. ఆ ఇంటి కోడలు చేటలోకి ఎత్తింది గుప్పెడైతే, చీరకు అంటింది పిడికెడు.

మా అవ్వల కాలంలో పుట్ట దగ్గర దీపం పెట్టి, ఉసిళ్లను పట్టి, వేయించి, బొరుగుల్లో కలుపుకుని తినేవాళ్లు. మనం నాగరికులం కాబట్టి మీటింగ్ పెట్టుకున్నాం.

స్థలం గ్రౌండ్ ఫ్లోర్ కారిడార్. లైటు వేస్తే ఉసిళ్లు వస్తాయి గనుక చీకట్లో. ఎవరు ఏమన్నారో ముఖాలు కనపడవు కాబట్టి మినిట్స్ బుక్కులో "ఏకగ్రీవంగా" అని రాసుకోవడానికి ఇంతకన్నా అనువైన వెలుతురు దొరకదు.

"ఏం కండక్టర్ సార్, మీ ఇంట్లోంచేనంట గదా వచ్చాండేది?" అన్నారు సెక్రటరీ.

101 ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరి మీదా గొంతు లేపడు. "ఇంట్లోంచి కాదు సామీ, ఇంటి కిందినుంచి" అన్నాడు.

"మీ ఇంటి కింద అంటే మీదే గదా!"

చీకట్లో చాలా తలలు ఊగాయి. ఈ లెక్కన పాతాళం దాకా కండక్టర్ గారి ఆస్తే. మరి ఫ్లాటు కొన్నప్పుడు దస్తావేజులో "అవిభక్త వాటా" అని రాసి, స్థలాన్ని అందరికీ ఇన్నిన్ని గజాలని పంచారే! నేల ధర పెరిగిందన్న రోజు మూడో ఫ్లోరు వాళ్లు కూడా ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి తమ గజాలు గుణించుకుంటారు. అదే నేలలోంచి చెదలు లేచిన రోజు ఆ గజాలు ఎవరివీ కావు.

అప్పుడు మూడో ఫ్లోరు లెక్చరర్ గారు శాస్త్రీయ దృక్పథంతో కలగజేసుకున్నారు. చెదకు తేమ కావాలి, వెలుగు పడదు, ఒళ్లు మెత్తన. కాబట్టి అది మెట్లెక్కి మూడో ఫ్లోరుకు రాలేదు. రాలేదు కాబట్టి మూడో ఫ్లోరు ఎందుకు కట్టాలి? మొదటి మూడు ముక్కలూ నిజమే. అందుకే అది మెట్లెక్కదు మహాశయా. మట్టితో పెన్సిలంత లావు గొట్టం కట్టుకుని, ఆ చీకట్లో, ఆ తేమలో, బాత్‌రూమ్ పైపుల డక్టు పట్టుకుని, కరెంటు వైర్ల దారి పట్టుకుని వస్తుంది. లిఫ్టు అడగదు. మెయింటెనెన్స్ బాకీ కూడా పెట్టదు.

ఇంతలో రెండో ఫ్లోరు పెద్దమ్మ సెల్‌ఫోన్ లైటు వేసుకుని కిందికి వచ్చింది. మీటర్ల బోర్డు పక్కన గోడ మీద చేతివేలంత మట్టిగీత పైకి పాకి ఉంది. ఆమె దాన్ని చూసి చెంపలు వేసుకుంది. "పుట్ట వెలిసింది నాయనా! దీన్ని చంపేదేంది, పాపం కాదూ?" అని పైకి పోయి పసుపు, కుంకుమ, రెండు మందారాలు, పాలప్యాకెట్ తెచ్చింది. సభ రెండుగా చీలింది. చంపాలనే వాళ్లు కొందరు, మొక్కాలనే వాళ్లు కొందరు. 203 సాఫ్ట్‌వేర్ అబ్బాయి రెండూ కాకుండా, ఉప్పునీళ్లు పోస్తే పోతాయని ఫోన్‌లో చూశానన్నాడు. చర్చ ముదిరింది. పుట్ట ఈశాన్యాన వెలిసిందా, ఆగ్నేయాన వెలిసిందా? మీటర్ల బోర్డు అగ్ని తత్వం కాబట్టి ఆగ్నేయమే అవుతుందని ఒకరు, బిల్డరు మీటర్లు పెట్టిందే వాయువ్యంలో అని ఇంకొకరు. దిక్సూచి యాప్ తీశారు. అది ఉత్తరాన్ని లిఫ్టు వైపు చూపించింది. అక్కడ ఉత్తరం లేదని సెక్రటరీ దాన్ని కొట్టిపారేశారు.

చివరికి ఆయనే తీర్పు చెప్పారు: "పూజకైతే అందరమూ చందా వేసుకుందాం. మందుకైతే కండక్టర్ సార్ చూసుకుంటాడు."

అక్కడికక్కడే డబ్బు పోగైంది! మందుకు నూరు రూపాయలు తీయని చేతులు పూజకు ఐదు వందలు తీశాయి. పెద్దమ్మ భక్తిగా ప్యాకెట్ చించి గోడ మొదట్లో పాలు పోసింది. చెదలకు కావలసింది తేమే కదా. ఆ లోటు కూడా లేకుండా చూసుకున్నాం.

దేవుడి వైపు నుంచి ఏర్పాట్లు పూర్తయ్యాయి కాబట్టి మనుషుల సంగతి చూద్దాం. ఆ రాత్రి రెండు డబ్బాల స్ప్రే కొట్టి మనం వీరమరణం ప్రసాదించిన ఉసిళ్లు ఉన్నాయే, అవి చెక్క కొరకవు. వాటి పని ఎగరడం, జత కట్టడం, మట్టిలో కాస్త చోటు వెతుక్కోవడం. నూటికి తొంభై తొమ్మిది వంతులు బల్లులకు, చీమలకు, కాకులకే పోతాయి. చెక్క తినేవి వేరే ఉన్నాయి. తెల్లగా, గుడ్డిగా, కిందనే ఉన్నాయి. రోజుకు వేలల్లో గుడ్లు పెట్టే రాణి కిందనే ఉంది, ఆమెను వదలకుండా పక్కనే రాజూ ఉన్నాడు. పెళ్లివారిని ఊచకోత కోసి, ఇల్లు తింటున్న వాళ్లను నిద్ర కూడా లేపకుండా వచ్చామన్నమాట. ఇంకో సంగతి. పుట్ట పెట్టిన ఏడాదికే ఉసిళ్లు లేవవు. ఆ స్థాయికి రావాలంటే మూడు నాలుగేళ్లయినా పడుతుంది. ఇంటి లోపలి సందులోంచే అన్ని వందలు వచ్చాయంటే, మనం గృహప్రవేశంలో పాలు పొంగించేటప్పటికే కింద వాళ్ల గృహప్రవేశం కూడా అయిపోయినట్టే.

కండక్టర్ గారు సొంత డబ్బుతో పిలిపించుకున్న మందు అబ్బాయి ఈ ముక్క ఒక్క నిమిషంలో చెప్పాడు. గోడ వెంబడి అడుగుకో బొక్క చొప్పున, 12 మిల్లీమీటర్ల డ్రిల్లుతో కింద మట్టి తగిలేదాకా వేసి, ఒక్కో దాంట్లో లీటరు దాకా మందు ఎక్కించాలి. పద్ధతి అదే. కానీ మొదటి గదిలోనే డ్రిల్లు మెత్తగా దిగబడింది. బండ ఎత్తి చూస్తే మట్టి తక్కువ, చెక్క ఎక్కువ. పునాది పోసినప్పటి సెంట్రింగ్ చెక్కలు, విరిగిన సర్వి కట్టెలు, సిమెంటు కాగితపు సంచులు. అన్నిటినీ కిందే పడేసి, పైన గ్రావెల్ పోసి, నున్నగా బండలు పరిచారు. "ఎవురో విందు పెట్టిపోయినారు సార్" అన్నాడా అబ్బాయి.

నవ్వుతూ రాద్దామనే కూర్చున్నాను. ఇక్కడికొచ్చేసరికి నవ్వు రావడం లేదు.

ఫ్లాట్లు అమ్మేటప్పుడు ఇచ్చిన రంగుల కాగితంలో "యాంటీ టెర్మైట్ ట్రీట్‌మెంట్ చేసిన పునాది" అని ఉంది. ధరలో దాని డబ్బూ ఉంది. భారతీయ ప్రమాణాల్లో 6313 నంబరుతో దీనికోసమే ఒక నియమావళి ఉంది. కట్టక ముందే స్థలంలో ఉన్న మొద్దులు, వేర్లు తీసేయాలి, వాడిన చెక్కలను కింద వదలకూడదు, బండలు పరిచే ముందు నింపిన మట్టి మీద చదరపు మీటరుకు 5 లీటర్ల మందునీళ్లు పోయాలి, పునాది గోడల పక్కన వేరేగా పోయాలి. మా కింద 300 చదరపు మీటర్లు అనుకోండి, ఒక్క పైభాగానికే 1,500 లీటర్లు. 20 శాతం క్లోరిపైరిఫాస్‌ను 1 శాతానికి కలిపితే అందులో అసలు మందు 75 లీటర్లు. వేరుశనగ రైతు చేలో చెదలకు కొనుక్కునే మందే అది. ఏ పురుగుమందుల అంగడిలోనైనా దొరుకుతుంది. మూడెకరాల బక్క రైతు అప్పు చేసి కొంటాడు. కోట్లు కూడబెట్టే బిల్డరు కొనలేకపోయాడు. పోనీ మందు కొనలేదు, చెక్కలు ఏరి అవతల పారేయడానికి ఏమొచ్చింది? ఇద్దరు కూలీల ఒక్క పూట పని! ఆ ఒక్క పూట కూలి మిగుల్చుకోవడానికి ఒక మనిషి జీవితాన్ని తీసుకెళ్లి చెదల నోట్లో పెట్టాడు.

జీవితమే. బస్సులో నిలబడి నిలబడి కాళ్లు వాచిన మనిషి పీఎఫ్ డబ్బు మొత్తం పోసి కొన్న ఇల్లు అది. టేకు అని డబ్బు తీసుకున్న ద్వారబంధం వేలితో నొక్కితే లోపలికి పోతోంది. పైన వార్నిషు అలాగే మెరుస్తూ ఉంది, లోపలంతా మట్టి. గోడ బీరువా అడుగు అరలో కూతురి సర్టిఫికెట్లు పెట్టారు. ఫైలు అట్ట చెక్కుచెదరలేదు. తెరిస్తే పదో తరగతి నుంచి బీఈడీ దాకా ఒకే మట్టిపెళ్ల. ఆ పిల్ల డూప్లికేట్ల కోసం ఆఫీసుకు పోతే, "పోయినాయని రాయమ్మా, తినేసినాయంటే ఫారంలో కాలమ్ లేదు" అన్నారట. పోలేదు కదా అంది పిల్ల. అయితే ఒరిజినల్ తెమ్మన్నారు. మట్టిపెళ్లను సంచిలో వేసుకుపోయి టేబుల్ మీద పెట్టి ఉంటే బాగుండేది. పెట్టలేదు. తండ్రి పోలికే.

బిల్డరుకు ఫోన్ చేస్తే ఎంతో ఓర్పుగా మాట్లాడాడు. "చెదలు ప్రకృతి సార్. అమెరికాలో గూడా ఉండాయంట." అక్కడ కూడా వాటిని ఈయనే వేసి వచ్చాడేమో తెలియదు. సంఘం తరఫున లాయరు నోటీసు ఇద్దామని సెక్రటరీని అడిగాను. బిల్డరు మన ఊరివాడే, రేపు పైన పెంట్‌హౌస్ వేసేటప్పుడు మాట పట్టింపు వస్తుంది, పోనీలెండి అన్నారు. పెంట్‌హౌస్ ఎవరికని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఊరి బయట అదే బిల్డరు కొత్త వెంచర్ మొదలుపెట్టాడని తెలిసి అటు పోయి చూశాను. పునాది నింపుతున్నారు. జేసీబీ తెచ్చి పోస్తున్న మట్టిలోంచి సెంట్రింగ్ చెక్కలు తలలు బయటపెట్టి కనిపిస్తున్నాయి. ఒక దానికి మేకులు కూడా అలాగే ఉన్నాయి. అవి తీయరా అని సూపర్‌వైజర్‌ను అడిగాను.

"మట్టి పడితే కనపడవులే అన్నా" అని భరోసా ఇచ్చి, నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "నీకు ఫ్లాటేమన్నా గావాల్నా? పైవి అన్నీ అయిపోయినాయి. గ్రౌండ్ ఫ్లోర్‌వే ఉండేది. మాట్లాడి తగ్గిస్తాలే."