మహారాజశ్రీ అరవయ్యో ఎక్కం గారికి

మహారాజశ్రీ అరవయ్యో ఎక్కం గారికి, సింగపూర్‌లో తొమ్మిదో అంతస్తు అద్దె ఇంటి నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి నా బుర్రలోనే కాపురం ఉంటున్నారు కదా.

మా బళ్లో మాస్టారు ఇరవయ్యో ఎక్కంతో సరిపెట్టేశారు. అంతకు మించి అవసరం రాదనుకున్నారు పాపం. 2023లో పెళ్లాం బిడ్డలతో ఈ దీవిలో దిగాక మీతో పరిచయమైంది. అప్పుడు సింగపూర్ డాలరు అరవై రూపాయల పైచిలుకు. తర్వాత ఇంకా పెరిగింది గానీ, లెక్క తేలిగ్గా తేలుతుందని మీరు మాత్రం అరవై దగ్గరే ఆగిపోయారు. పోన్లెండి, ఆ మేరకు మా గుండెకు మంచిదే.

మొదటి ఆదివారం లిటిల్ ఇండియాలో గోంగూర కట్ట చేతిలోకి తీసుకున్నాను. రెండు డాలర్లు. "నూట ఇరవై" అన్నారు మీరు చెవిలో. "పెరట్లో ఊరికే మొలిచేది" అని కూడా అన్నారు. అది ఎక్కాల పని కాదు, అయినా అన్నారు. కట్ట కింద పెట్టాను. మళ్లీ తీశాను. కొట్టాయన "వేణుమా, వేండామా?" (కావాలా, వద్దా?) అని తమిళంలో విసుక్కున్నాడు. ఈ దేశం తినే తిండిలో నూటికి తొంభై వంతులకు పైగా బయటి దేశాల నుంచి రావాల్సిందే. ఆ కట్ట కూడా నాలాగే సరిహద్దు దాటి వచ్చింది. నాకైతే వీసాకి నెల పట్టింది, దానికి అంత టైము కూడా పట్టి ఉండదు. ఇవన్నీ మీకు పట్టవు. మీకు తెలిసిందల్లా నూట ఇరవై.

సూపర్‌మార్కెట్లో సంచికి అయిదు సెంట్లు తీసుకుంటారు, 2023 జులై నుంచి. మీ లెక్కలో మూడు రూపాయలు. ఆ మూడు రూపాయల కోసం బియ్యం మూట చంకలో, పాల డబ్బాలు ఛాతీకి ఆనించుకుని, కోడిగుడ్ల అట్ట గడ్డం కింద నొక్కిపట్టుకుని లిఫ్టు దాకా నడిచాను. ఇంటికొచ్చేసరికి నాలుగు గుడ్లు పగిలాయి. వాటినీ గుణించి చూపించారు, మహానుభావులు.

మా మావయ్యగారు నెల రోజులుండి వెళ్దామని వచ్చినప్పుడైతే మీకు పండగే. ఆయన గుండు చుట్టూ ఉన్నది పాతిక వెంట్రుకలు. కటింగుకి పన్నెండు డాలర్లయ్యాయి. "ఏడొందల ఇరవయ్యా అల్లుడుగారూ! వెంట్రుకకి దాదాపు ముప్పై పడింది!" అని గోల. ఆయన మీ దగ్గర నా కంటే సీనియర్ శిష్యులు, భాగహారం కూడా చేసేస్తారు. సాయంత్రం కింద కూర్చుని పోయే కార్లు చూస్తూ, "మీరూ ఒకటి కొనకూడదా?" అన్నారు. ఇక్కడ ముందు కారు కొనే హక్కు కొనుక్కోవాలని చెప్పాను. దాన్ని సీఓఈ అంటారు, 1990లో పెట్టారు. నెలకు రెండుసార్లు వేలం. పదేళ్లు చెల్లుతుంది. చిన్న కారుకే ధర లక్ష డాలర్లు దాటింది.

"కారుతో కలిపా?"

"కాదు మావయ్యగారూ, కాగితానికి."

ఆయన నోట మాట రాలేదు. మీరు మాత్రం అరవై లక్షలు అని నెమ్మదిగా గొణిగారు. ఆ తర్వాత ఊరెళ్లేదాకా ఆయన బస్సులో కిటికీ పక్క సీటు గురించి కూడా మాట్లాడలేదు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెప్తాను. సంచి దగ్గర, గోంగూర దగ్గర, గుండు దగ్గర అంత గట్టిగా అరిచే మీరు, ఇల్లు తీసుకున్న రోజు ఏమయ్యారు సార్? ఫోర్ రూమ్ అన్నారు, లెక్క పెడితే మూడు పడగ్గదులే. నాలుగోది హాలట. అద్దె నెలకు మూడు వేల రెండొందల డాలర్లు. రెండేళ్ల అగ్రిమెంటు కాబట్టి రెండు నెలల అద్దె అడ్వాన్సు. మొదటి నెల అద్దె ముందే. మొత్తం రెండేళ్ల అద్దె మీద 0.4 శాతం స్టాంపు డ్యూటీ, మూడొందల ఏడు డాలర్లు. మొదటి జీతం చేతికి రాకముందే తొమ్మిది వేల తొమ్మిది వందలు పోయాయి. నేను సంతకం పెడుతూ మీ వైపు చూశాను. మీరు పైకప్పు చూస్తున్నారు. దాదాపు ఆరు లక్షలండీ! మా తాతగారు ఆ డబ్బుతో ఊళ్లో ఇల్లు కట్టి, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసి, ఇంకా కొంత మిగుల్చుకునేవారు.

ఆ అగ్రిమెంటులోనే మూడు నెలలకోసారి ఏసీ సర్వీసింగ్ మా ఖర్చుతో చేయించాలని, రసీదు దాచాలని రాసుంది. ఆ ఏసీ వేసేది ఎంతసేపు? కరెంటు యూనిట్ ముప్పై సెంట్లకు కాస్త అటూ ఇటూ అని తెలిసిన రోజు మీరు రాత్రంతా గుణించారు. అందుకే రాత్రి రెండింటికి టైమరుతో ఆగిపోయేలా పెట్టాం. మూడింటికి నలుగురం చెమటలు తుడుచుకుంటూ లేచి కూర్చుంటాం. ఏడాదికి పన్నెండు నెలలూ రోహిణీకార్తెలాంటి ఉక్కపోతే, మధ్యలో వాన.

పిల్ల బడి సంగతీ అంతే. ఇక్కడి పౌరుల పిల్లలకు ప్రభుత్వ ప్రాథమిక బడిలో చదువు ఫీజు లేదు. మాలాంటి వాళ్ల పిల్లలకు నెలకు ఎనిమిది వందల డాలర్లు దాటుతుంది, అదీ పరీక్ష రాసి సీటు దొరికితే. అప్పుడూ మీరు దగ్గి ఊరుకున్నారు.

ఇంకొకటి ఉంది. మా ఆవిడ హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేది. ఇక్కడికి నా వీసా మీద డిపెండెంట్‌గా వచ్చింది. 2021 మే నుంచి డిపెండెంట్లు ఉద్యోగం చేయాలంటే చాలామందికి సొంతంగా వర్క్ పాస్, అంటే ఉద్యోగ అనుమతి, ఉండాలి. అది ఇచ్చే కంపెనీ దొరకాలి. రెండేళ్లుగా వెతుకుతోంది. ఇక్కడికి రావడంలో మాకు పడిన అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే, కానీ ఏ బిల్లులోనూ కనిపించదు. సున్నాని అరవైతో గుణిస్తే ఎంతో మీకు తెలుసు, అందుకే దాని జోలికి రారు. ఆవిడే గోంగూర కొన్నప్పుడు మాత్రం ఠంచనుగా హాజరు.

పోనీ మాకు ఆదా అయ్యేదైనా గుణిస్తారా? అదీ లేదు. కుళాయి నీళ్లు అలాగే తాగేస్తాం, వాటర్ క్యాన్ల గొడవ లేదు. వెయ్యి లీటర్లు మూడున్నర డాలర్లకు కాస్త అటూ ఇటూ. రాత్రి పదకొండింటికి పిల్లతో కలిసి రైల్లో నిశ్చింతగా ఇంటికొస్తాం. బండి లేదు, పెట్రోలు లేదు. దీనికి ఎంత అని ఎప్పుడైనా అన్నారా?

ఈ లోపల మా బంధువుల ఇళ్లలోనూ చేరారు. అక్కడ నా జీతాన్ని గుణిస్తారు, ఖర్చుని గుణించరు. "నెలకి అన్ని లక్షలొస్తుంటే బావగారికి ఏం లోటు" అని మా మరదలి మొగుడు. ఆయన స్థలం రిజిస్ట్రేషన్‌కి నేను సర్దాల్సిన మొత్తం కూడా ఆయనే గుణించి పెట్టుకున్నాడు.

పోయిన సంక్రాంతికి విజయవాడ వెళ్తే మీరు పూర్తిగా ప్లేటు ఫిరాయించారు. గుణకారం వదిలేసి భాగహారం మొదలెట్టారు. చీర పన్నెండు వేలా? "రెండొందల డాలర్లేగా" అన్నారు. ఆటో రెండొందల నలభై? "నాలుగు డాలర్లే, బేరమెందుకు" అన్నారు. ఆ ఆటో అబ్బాయి నా మొహం చూసి జాలిపడి ఉంటాడు. పది రోజులు మీ మాట విని, తిరిగొచ్చాక మూడు నెలలు క్రెడిట్ కార్డు బిల్లు కట్టాను.

మొన్న ఇంటి ఓనరు మెసేజ్ పెట్టాడు. అగ్రిమెంటు తిరగరాస్తే అద్దె మూడు వేల ఐదొందలట. ఫోను పట్టుకుని మీ కోసం చూశాను. అలికిడి లేదు. టెన్షన్‌గా ఉండి కాఫీ తాగుదామని కిందికి దిగాను. కోపి (ఇక్కడ కాఫీని అలాగే అంటారు) ఒకటి చెప్పాను. డాలరు నలభై సెంట్లు. జేబులో చిల్లర తీస్తున్నానో లేదో, "ఎనభై నాలుగు రూపాయలు!" అని ఎగిరి గంతేశారు.

ఇట్లు,
తమ విధేయుడు,
కాఫీ తాగకుండానే లిఫ్టెక్కినవాడు.